కాపీ చేయని టేపురికార్డరు

1979 ఫిబ్రవరి 5వ తేదీ, సోమవారం, ఉదయం పదిన్నర గంటలకు ఈ సంగతి మొదలైంది. ఆ రోజు నా పుట్టినరోజు కావడం వల్ల తేదీ గుర్తుంది. విజయవాడ బస్సు పైనుంచి మా సరుకు పెట్టె దించుకుని, దాన్ని భుజాన మోసుకుంటూ షాపులోకి వస్తుండగా జరగడం వల్ల వేళ గుర్తుంది. ఆ బస్సు తిరువూరుకు ఎప్పుడూ ఆ వేళకే వచ్చేది.

బస్టాండుకు దగ్గరలో ఉన్న ఆ షాపును ఊళ్లో అందరూ రేడియో షాపు అనేవారు. రేడియోల మరమ్మతు ముందు గదిలో జరిగేది. వెనక గదిలో మేము టేపురికార్డర్లు తయారు చేసేవాళ్లం. తయారీ అంటే అదేదో పెద్ద ఫ్యాక్టరీ అనుకోకూడదు. మోటారూ, క్యాసెట్టు తిరిగే భాగమూ విజయవాడ నుంచి వచ్చేవి. చెక్క పెట్టెను మా ఊరి వడ్రంగి చేసి ఇచ్చేవాడు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడించే సర్క్యూటును మేము అతికేవాళ్లం. మా పెట్టెలు చూడడానికి మోటుగా ఉన్నా గొంతు గట్టిగా, స్పష్టంగా వినిపించేవి. అందువల్ల చుట్టుపక్కల మైకుసెట్లు అద్దెకిచ్చేవాళ్లు మా దగ్గరే కొనేవారు.

మా యజమాని వ్యాపార కుటుంబంలో ఆఖరివాడు. అన్నలు రైసుమిల్లు చూసుకుంటుంటే ఈయన రేడియోల మోజులో పడి వేరే షాపు పెట్టుకున్నాడు. అయినా ఊరు ఆయన్ని కూడా షావుకారుగారనే పిలిచేది. నేను మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా అమ్మా నాన్నా వ్యవసాయ కూలీలు. బి.ఎస్సీ. ఫిజిక్సు పూర్తి చేసి, బి.ఎడ్. సీటు కోసం ఎదురుచూస్తున్న కాలంలో, మా పాస్టరుగారి సిఫారసు మీద ఆ షాపులో చేరాను. షావుకారుగారు నన్ను పేరుపెట్టి పిలిచిన సందర్భం నాకు గుర్తులేదు. "మా బీయస్సీ" అని వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. అందులో వేళాకోళం కొంత, గర్వం కొంత ఉండేవి.

ఆ ఉదయం మా మెట్లెక్కిన మనిషి బుర్రకథ చెప్పే కళాకారిణి. విస్సన్నపేట వైపు మనిషి. నలభై ఏళ్లుంటాయి. ఆమె కథ నేను చిన్నప్పుడే చూశాను. తంబురా భుజాన వేసుకుని, కుడిచేతి వేళ్లకు తొడిగిన ఇత్తడి అందెలు మోగిస్తూ ఆమె ముందుకు రెండడుగులు వేస్తే జనం తమకు తెలియకుండానే వెనక్కి సర్దుకునేవారు. పక్కన గుమ్మెట వాయిస్తూ హాస్యం చెప్పేవాడు ఆమె సొంత తమ్ముడు. రెండో పక్క వంత పాడేవాడు ఆమె భర్త. ఆ రోజు ఆమె వెంట తమ్ముడు మాత్రమే వచ్చాడు.

ఆమె కూర్చోమన్నా కూర్చోలేదు.

"షావుకారుగారూ, మీ డబ్బాలు నా నోరు కొట్టేస్తున్నాయండి," అంది.

షావుకారుగారు ముందు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. ఆమె చెప్పుకున్న కష్టం ఇది. కిందటేడు రెడ్డిగూడెం దగ్గర ఒక పెళ్లిలో ఆమె కథ చెబుతుంటే ఎవరో చుట్టం టేపురికార్డరు తెచ్చి వేదిక ముందు పెట్టాడు. తన గొంతు పెట్టెలో పడుతోందని ఆమె కూడా మురిసిపోయింది. ఆ క్యాసెట్టును ఒక మైకుసెట్టు వాడు అడిగి తీసుకుని కాపీ చేసుకున్నాడు. అతని దగ్గర్నుంచి మరొకడు, అతని దగ్గర్నుంచి ఇంకొకడు. ఏటా తప్పకుండా కథ పెట్టించే ఊళ్లు ఇప్పుడు క్యాసెట్టు పెట్టుకుని సరిపెట్టుకుంటున్నాయి. ఈసారి కథ వద్దని కబురు చేసిన ఒక ఊరి మీదుగా బస్సులో వెళుతుంటే, ఆ ఊరి మైకులో ఆమె గొంతే ఆమెకు వినిపించింది.

తమ్ముడు అందుకున్నాడు. "మా అక్క బస్సులో కూర్చుని తన కథ తనే వినిందండి. వంత పాడదామని నేను లేచాను. కండక్టరు కూర్చోమన్నాడు."

ఆమె నవ్వలేదు. ఈ వేసవి కూడా ఇలాగే గడిస్తే తమ్ముడు మిల్లులో బస్తాలు మోసే పనిలో చేరతానంటున్నాడని, మాట కూడా ఇచ్చేశాడని చెప్పింది. ఆ మిల్లు మా షావుకారుగారి అన్నలదే. హాస్యం చెప్పేవాడు లేకపోతే దళం లేదు. తండ్రి నేర్పిన దళం తన చేతుల్లోనే ముగిసిపోతుందని ఆమె భయం.

"మీ డబ్బా నా పాట పాడితే పాడనీండి. ఇంకో డబ్బాకి మాత్రం అప్పజెప్పకూడదు. అట్టా చెయ్యటానికి వీలుంటదా?" అని అడిగింది.

షావుకారుగారు నా వైపు చూశాడు. నేను భుజం మీది పెట్టెను అప్పుడే కింద పెట్టాను.

వీలుంటుందని చెప్పాను. చెప్పడంలో తొందర ఉంది. కాలేజీలో నేర్చుకున్నది ఒక మనిషికి పనికివచ్చే అవకాశం అంతవరకు నాకు రాలేదు. నేను ఊహించిన పద్ధతి ఇది. ఆమె కథను మేమే కొత్తగా రికార్డు చేసి, దానితోపాటు క్యాసెట్టులో ఒక సన్నని ఈల ధ్వనిని కలుపుతాం. అది ఎంత హెచ్చు స్థాయిలో ఉంటుందంటే, వినేవారికి ఉన్నట్టే తెలియదు. మేము తయారు చేసే ప్రతి టేపురికార్డరులోనూ ఆ ఈలను గుర్తుపట్టే ఒక చిన్న సర్క్యూటు పెడతాం. పాట వినిపించడానికి అది అడ్డు చెప్పదు. ఎవరైనా ఆ పాటను మరో క్యాసెట్టులోకి ఎక్కించబోతే మాత్రం ఈలను పసిగట్టి, రికార్డింగును కొన్ని సెకన్లపాటు ఆపేస్తుంది. ఈల ఆగకుండా ఉంటుంది కనుక కాపీ మొత్తం ఖాళీగా మిగులుతుంది. దానికి నేను కాపలా సర్క్యూటు అని పేరు పెట్టాను.

ఆమె వెళ్లిపోయాక షావుకారుగారు అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"డబ్బా కొన్నవాడిది గదయ్యా. వాడి ఇంట్లో ఉండే డబ్బా వాడి మాట వినాలా, మన మాట వినాలా?"

కష్టపడిన మనిషికి ఫలితం దక్కకుండా పోయే పనిని ఏ యంత్రమూ చేయకూడదని నేను జవాబు చెప్పాను. మనం ఒక్కరం పెడితే ఏమి లాభం, మైకుసెట్టువాళ్లు విజయవాడ వెళ్లి వేరే పెట్టెలు కొనుక్కుంటారు గదా అని ఆయన అన్నాడు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి గదా అని నేను అన్నాను. మా వాదన రెండు మూడు రోజులు సాగింది. ఆయన ఓడిపోయాడని చెప్పలేను. వ్యాపారి గనుక నష్టమెంతో ముందే ఆలోచించాడు. మనిషి గనుక ఆమె ముఖం మరిచిపోలేకపోయాడు. చివరికి ఒక పెట్టె చేసి చూద్దామన్నాడు.

ఇంట్లో కూడా ఈ విషయం చెప్పాను. మా అమ్మ అన్నం వడ్డిస్తూ వింది. ఆమెకు నా సర్క్యూటు అర్థం కాలేదు గానీ దాని ఉద్దేశం వెంటనే అర్థమైంది, నచ్చలేదు కూడా.

"పాటకి కాపలా ఏంట్రా? నాట్లేసేటప్పుడు మేం పాడితే పక్క మళ్లోవాళ్లు అందుకోబట్టేగా సాయంత్రందాకా సాగేది."

"కూలియ్యకుండా పంపిస్తే ఊరుకున్నావా ఎప్పుడన్నా?" అని మా నాన్న పీట మీద నుంచే అడిగాడు.

అమ్మ ఆలోచించి, "అదీ నిజమే," అంది. ఇద్దరి మాటా సరైనదే అనిపించడం నన్ను ఇబ్బంది పెట్టింది. చదువుకున్నవాడు ఇటో అటో తేల్చి చెప్పగలగాలని అప్పట్లో నా నమ్మకం.

మూడు వారాలు పట్టింది. ఈలను గుర్తుపట్టే భాగం సులువుగానే కుదిరింది. దాన్ని గుర్తుపట్టిన వెంటనే రికార్డింగు తీగను తెంచే రిలే అనే మీట మాత్రం చాలాసార్లు మొరాయించింది. మొత్తానికి పని పూర్తయిన రోజున ఆమెను కబురుపెట్టి పిలిపించాం. తమ్ముడూ, ఆమె భర్తా కూడా వచ్చారు. షాపు తలుపు దగ్గరకు వేసి, మైకు ముందు ఆమెను కొంచెం పాడమన్నాను. వరదలో తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ ఒంటరిగా బయలుదేరిన చెల్లెలి కథ అది. దాన్ని కట్టింది కళాకారిణి తండ్రే. తంబురా మీటుతూ, కుడిచేత్తో గాలిలో తాళం వేస్తూ ఒక ఘట్టం పాడింది. రికార్డింగు చక్కగా పడింది. తర్వాత దానికి ఈల కలిపి, కొత్త పెట్టెలో కాపీ చేయబోయాం. కాపీ క్యాసెట్టులో గాలి వీచినట్టు సన్నని హోరు తప్ప ఏమీ లేదు.

ఆమె ఆ ఖాళీ హోరును చివరిదాకా విన్నది. అంత శ్రద్ధగా నిశ్శబ్దాన్ని విన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ తర్వాత చెంగుతో ముఖం తుడుచుకుని, నా తల మీద చేయి పెట్టింది. తమ్ముడు మాత్రం పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "తాళం బాగానే వేశావు బీయస్సీ. అక్కకి ఒక తాళంచెవి ఇచ్చి పంపించు," అన్నాడు. అందరం నవ్వాం. షావుకారుగారు అందరికీ టీ తెప్పించాడు.

కథ మొత్తం జనం మధ్యలోనే రికార్డు చేయాలని ఆమె కోరిక. జనం లేకుండా గొంతు లేవదన్నది. మార్చిలో వినగడపలో ఒక ఇంటివాళ్లు కథ పెట్టించారు. కొత్త పెట్టె తీసుకుని నేనూ వాళ్లతో బస్సెక్కాను. పొద్దు వాలుతుండగానే కథ మొదలైంది. నేను వేదిక పక్కన పెట్టె ముందు కూర్చుని మీటరు ముల్లు వైపే చూస్తూ ఉన్నాను. ఆమె పాడినప్పుడల్లా ముల్లు లేచేది, తగ్గినప్పుడు దిగేది. నాకు ఏ అనుమానమూ కలగలేదు. నేను ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఆ ముల్లు మైకులోంచి వచ్చే శబ్దాన్ని చూపిస్తుందే గానీ, ఆ శబ్దం టేపు మీద పడిందో లేదో చూపించదు. ఇది నేనే అతికిన సర్క్యూటు.

మర్నాడు ఉదయం, మాకు బస ఇచ్చిన ఇంటి అరుగు మీద పెట్టె పెట్టి, రాత్రి కథ వినిపిస్తానన్నాను. పొలానికి వెళ్లవలసినవాళ్లు కూడా ఆగారు. పిల్లలు ముందుకు తోసుకొచ్చారు. ఆ ఇంటి అవ్వ జ్వరంతో రాత్రి కథకు రాలేకపోయింది. ఆమెను మంచంతో సహా అరుగు మీదికి తెచ్చి కూర్చోబెట్టారు.

క్యాసెట్టు తిరిగింది. తమ్ముడి గొంతు వచ్చింది. పెట్టె అదిరేంత స్పష్టంగా, అతను రాత్రి ఊరి మునసబు మీసాల మీద వేసిన హాస్యం వచ్చింది. జనం గొల్లుమన్నారు. తర్వాత ఆమె "వినరా" అని ఎత్తుకున్నది వినిపించింది, ఆ వెంటనే హోరు. మళ్లీ తమ్ముడు. మళ్లీ ఆమె ఒక్క మాట, హోరు. మళ్లీ తమ్ముడు. ఒక గంటసేపటి కథలో అతని హాస్యం ఒక్క మాట పొల్లుపోకుండా ఉంది. ఆమె పాట ఎక్కడా ఒక చరణం నిండా లేదు.

జనం మొదట ఇదీ హాస్యమేననుకుని నవ్వారు. తమ్ముడు ఊరుకుంటాడా, చేతులు జోడించి పెట్టెకు దణ్ణం పెట్టాడు. "ఇన్నాళ్లకి నా విలువ తెలిసినవాడు దొరికాడక్కా," అన్నాడు. ఆమె అతని వైపు చూసిన చూపుకు అందరి నవ్వూ ఆగిపోయింది.

పెట్టె మూత తీశాను. తీగలన్నీ సరిగానే ఉన్నాయి. ఆమె మెల్లగా పక్కన కూర్చుని, షాపులో పడిన పాట ఇక్కడెందుకు పడలేదని అడిగింది. అదే గొంతు, అదే తంబురా. ఆమె మాట్లాడుతూ కుడిచేతిని గాలిలో ఆడించింది. అప్పుడు నా చూపు ఆ వేళ్ల మీద పడింది. ఖాళీగా ఉన్నాయి.

షాపులోనూ అలాగే ఖాళీగా ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. అందెలు ఏవని అడిగాను. తమ సామాను సంచిలో ఉన్నాయన్నది. వాళ్ల దళంలో ఒక నియమం ఉందట. కాళ్లు కడుక్కుని, ప్రార్థన పాడాకే అందెలు వేలికి ఎక్కాలి. కథ ముగిసి మంగళం పాడాక తీసేయాలి. కథ లేనప్పుడు వాటిని ఉత్తినే మోగించడం తండ్రి ఒప్పుకునేవాడు కాదు. అందుకే షాపులో పాడిన రోజున ఆమె వాటిని తొడగలేదు. అది నాకు చెప్పవలసిన సంగతని ఆమెకు తోచలేదు, అడగవలసిన సంగతని నాకు తోచలేదు.

ఇత్తడి మీద ఇత్తడి తగిలితే వచ్చే మోతలో ఎన్నో హెచ్చు ధ్వనులుంటాయి. నా ఈల కూడా ఆ ఎత్తులోనే ఉంది. అనుమానం తీర్చుకోవాలంటే ఒక్కసారి మోగించి చూడాలి. ఆమె కాసేపు ఆలోచించింది. తర్వాత లేచి, బావి దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చి, తూర్పు వైపు తిరిగి ప్రార్థన పాడింది. భర్త, తమ్ముడు ఇద్దరూ లేచి నిలబడి వంత పలికారు. అరుగు మీద కూర్చున్నవాళ్లు కూడా లేచారు. ఆమె అందెలు తొడిగి, పెట్టె ముందు ఒకే ఒక్కసారి మోగించింది.

లోపల రిలే టిక్కుమంది.

ఆమె పాటను కాపాడాలని పెట్టిన కాపలా, ఆమె చేతి మోత వినగానే ఆమెనే దొంగగా పట్టుకుంది. హాస్యం చెప్పేటప్పుడు ఆమె అందెలు ఆపేది గనుక తమ్ముడి మాటలు మాత్రం నిరాటంకంగా లోపలికి వెళ్లాయి.

అప్పుడు మంచం మీది అవ్వ కోపంగా అడిగింది. "అదంతా ఎందుకుగానీ, ఇంతకీ ఆ పిల్ల రేవు దాటిందా లేదా?"

ఆ మొదటి క్యాసెట్టులో చివరగా వినిపించినది పడవవాడి ఘట్టం. పడవవాడి వేషం తమ్ముడిదే కనుక అతని మాట పూర్తిగా పడింది. తెల్లారేదాకా పడవ తీయనని, ఏటిలో సుడి ఉందని, వెనక్కి పొమ్మని అతను ఆ పిల్లతో అంటాడు. దానికి ఆ పిల్ల చెప్పే జవాబు ఆమె పాట. అది పడలేదు. రాత్రి కథ విన్న ఒకాయన, ఏమైందో చెప్పబోయాడు. పక్కనున్న ఆడవాళ్లు అతని మీద కేకలేశారు. "నువ్వు చెప్పమాక. ఆవిడ నోటే వినాలి."

అవ్వ కళాకారిణి వైపు తిరిగింది. ఆమె చెప్పడానికి నోరు తెరిచి, ఎందుకో ఆగింది. తమ్ముడు అక్క ముఖం చూశాడు. అతను చాలా తెలివైనవాడు. "ఇంకో పూట పెట్టించు అవ్వా. అక్కే దాటిస్తది," అన్నాడు.

అవ్వ మనవణ్ణి పిలిచింది. కథ పెట్టించిన ఇంటివాళ్లను పిలిపించింది. జ్వరమో ఏదో, సగం కథ విని ఊరుకునే ప్రసక్తి లేదని తేల్చి చెప్పింది. రాత్రి విన్నవాళ్లకు కూడా ఆ ఘట్టం మళ్లీ వినాలనిపించినట్టుంది. మధ్యాహ్నానికల్లా ఊళ్లో నలుగురూ కలిసి ఆ సాయంత్రం కూడా కథ ఉండాలని నిర్ణయించారు. ఆ సాయంత్రం నేను పెట్టె తెరవలేదు. జనంలో కూర్చుని విన్నాను. అవ్వ మంచం అందరికన్నా ముందు వేశారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె నా పక్కన కూర్చుంది. కొంత దూరం వచ్చాక మెల్లగా అన్నది.

"బాబూ, నీ డబ్బా ఆపకూడని చోట ఆపింది. అయినా వాళ్లు మమ్మల్ని ఇంకో పూట ఉంచారు. ఎక్కడ ఆపాలో నాకు తెలుసు. నన్ను ఆపుకోనియ్యి."

షాపుకు వచ్చి జరిగినదంతా షావుకారుగారికి చెప్పాను. వెంటనే, ఇంకొంత గడువిస్తే అందెల మోతనూ ఈలనూ విడదీసి గుర్తుపట్టే సర్క్యూటు చేస్తానన్నాను. అది అసాధ్యం కాదని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆయన నా మాట కొట్టేయలేదు.

"చేస్తావయ్యా, నువ్వు చేయగలవు. రేపు ఇంకొకడి సన్నాయిని ఆపుద్ది. ఎల్లుండి మీ చర్చిలో తాళాల్ని ఆపుద్ది. ఎవరిది ఎవరి పాటో, ఎవరు అడిగి తీసుకున్నారో, ఎవరు అడక్కుండా తీసుకున్నారో డబ్బాకి ఎట్టా తెలుసుద్ది? మనకే తెలియట్లా."

నేను చాలాసేపు ఆలోచించాను. ఆమెకు న్యాయం జరగాలన్న నా కోరిక తప్పు కాదు. ఆ న్యాయాన్ని చూడలేని, అడగలేని ఒక తీగల చుట్టకు అప్పజెప్పడం సరికాదు. యంత్రం తయారు చేసేవాడి బాధ్యత, దానికి చెప్పిన పనిని అది చక్కగా చేసేట్టు చూడడం. ఎవరు దొంగో తేల్చే పనిని దాని మీద పెడితే, అది తన యజమానిని కూడా అనుమానిస్తుంది, పాడే మనిషిని కూడా అనుమానిస్తుంది. ఆ సాయంత్రం కాపలా సర్క్యూటును నా చేతులతోనే విప్పి తీశాను. ఆ భాగాలతో ఒక రేడియో బాగుచేశాను.

ఏప్రిల్ మొదట్లో ఆమె మళ్లీ షాపుకు వచ్చింది. ఈసారి ముందే కాళ్లు కడుక్కుని, ప్రార్థన పాడి, అందెలు తొడుక్కుంది. జనం కావాలంది గనుక బస్టాండులో ఉన్నవాళ్లను పిలిచి వెనక గది నిండా కూర్చోబెట్టాం. చెల్లెలి కథ మొదటినుంచి రేవు దాకా చెప్పింది. పడవవాడు తీయనన్నాడు. ఆ పిల్ల నీటిలోకి అడుగు పెట్టింది. అక్కడ అందెలు గట్టిగా ఒకసారి మోగించి ఆపేసింది. ఆ తర్వాత మామూలు మాటల్లో, ఇక్కడిదాకా క్యాసెట్టుకు చెప్పామని, మిగిలినది మీ ఊరి జనం మధ్య నిలబడి చెబుతామని, తమ ఊరి పేరూ చెప్పి ముగించింది. గదిలో కూర్చున్న ఒక లారీ డ్రైవరు బయటినుంచి క్లీనరు రెండుసార్లు కేకేసినా లేవలేదు. మిగతాది చెప్పందే కదలనని మొండికేశాడు. తమ్ముడు అతన్ని భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

షావుకారుగారు చుట్టుపక్కల మైకుసెట్టువాళ్లకు కబురు చేశాడు. వాళ్లు గొడవ పడడానికి సిద్ధపడే వచ్చారు. ఆమె క్యాసెట్టు చేతిలో పెడితే తెల్లబోయారు.

"మేం కాపీ చేశామని తిట్టటానికి పిలిచావనుకున్నాం. నువ్వే ఇస్తన్నావేంటమ్మా?" అని ఒకాయన అడిగాడు.

"చేసుకోండి నాయనా, ఎన్నయినా చేసుకోండి. మీ చుట్టాలక్కూడా ఇవ్వండి. అందులో కథ సగమే ఉంది," అంది ఆమె.

కాపీలన్నీ మా పెట్టెల్లోనే చేశాం. క్యాసెట్టు పెట్టిన రోజు మైకుసెట్టు వాడికి ఒక పూట పని. దళం వచ్చిందంటే వేదికకు లైట్లు, మూడు మైకులు, ఒక్కోసారి రెండు మూడు పూటలు. ఆ సంగతి వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఆ వేసవిలో విస్సన్నపేట చుట్టుపక్కల మామిడికాయలు కోసే రోజుల్లో, రెడ్డిగూడెం తోటల దగ్గర, వాళ్లే ఊరి పెద్దలకు చెప్పి ఆమెను పిలిపించారు. పాత పూర్తి కథ క్యాసెట్టు మాత్రం పోలేదు. కొన్ని ఊళ్లు దాన్నే పెట్టుకుంటూ వచ్చాయి. దాని గురించి ఎవరైనా చెబితే ఆమె ముఖం ముడుచుకునేది. ఆ బాధకు నా దగ్గర గానీ, షావుకారుగారి దగ్గర గానీ విరుగుడు లేదు.

ఆ తర్వాత మారినది ఇది. ఆమె తన కథలన్నింటినీ క్యాసెట్టుకు సగం వరకే చెప్పింది. దళం విడిపోలేదు. తమ్ముడు మిల్లులో చేరలేదు. మా షాపులో తయారైన ఏ టేపురికార్డరులోనూ కాపలా సర్క్యూటు మళ్లీ పెట్టలేదు. మరుసటి ఏడు నాకు బి.ఎడ్. సీటు వచ్చింది, నేను షాపు మానేసి కాలేజీకి వెళ్లాను.